రెండో స్లాట్‌లో ఎర్ర మరక

తొమ్మిదో వారం

కిందటి వారం లోయిస్‌ని కుర్చీలోంచి సగం లేచి, నోరు తెరుచుకుని ఉండగా అలాగే వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా ఆ పిల్ల అలాగే నిలబడి ఉంటుంది. ముందు దాన్ని కూర్చోబెట్టి, తర్వాత కథలోకి పోదాం.

గుర్తుంది కదా! హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీల ఊరు, దాని శివారు గమ్హరియాలో భీమశంకర్ గారి వర్క్‌షాపు. రైలు బోగీల్లోకి వెళ్ళే ఇనప బుష్‌లు, అంటే పొట్టి గొట్టం ముక్కలు, అక్కడ తయారవుతాయి. ఒక్కో బుష్‌నీ కొలుస్తారు, ఆ కొలతల్ని కంప్యూటరు లెక్కగట్టి రిపోర్టు అచ్చువేస్తుంది. ఆ రిపోర్టుల కింద పదహారేళ్ళుగా సంతకం పెడుతున్న మనిషి కుసుమ. మిషన్లకి చేసే విశ్వకర్మ పూజ వెళ్ళాక పంపిన సరుకు తిరిగొచ్చింది. "మీ రిపోర్టు ఒకటి చెబుతోంది, ముక్క ఒకటి చెబుతోంది. కొలవకుండా కూర్చుని అంకెలు అల్లేశారు" అని కొన్నవాళ్ళు ముఖం మీద కొట్టినట్టు రాశారు. తేడా వచ్చినవన్నీ మధ్యాహ్నం తర్వాత అచ్చయిన రిపోర్టులే. తప్పు కంప్యూటరుదా కుసుమదా తేల్చమని, ఊరి మధ్య సాక్చిలో రిపేరు కొట్టు పెట్టుకున్న లోయిస్‌కి భీమశంకర్ గారు అప్పజెప్పారు. లోయిస్ ఆ కంప్యూటర్లో ఉన్న రెండు ర్యామ్ స్టిక్కుల్నీ, అంటే మెమరీ పలకల్నీ, ఊడదీసి కొట్టుకి పట్టుకెళ్ళింది. తుడిచి, తన మిషన్‌లో పెట్టి పరీక్షించి, తిరిగి తెచ్చి బిగించి, "ఏక్‌దమ్ బాగున్నాయి సార్" అనేసింది. ఆ ఒక్కమాటతో కుసుమ ఇంటికి వెళ్ళిపోవలసి వచ్చింది. అసలు ఈ పని లోయిస్‌కి ఇప్పించిందే ఆవిడ!

నాలుగు రోజులు అన్నం సయించలేదు లోయిస్‌కి. శనివారం పొద్దున్నే, ఎవరూ పిలవకుండానే వచ్చి వర్క్‌షాపులో పడింది. "పన్నెండింటి దాకా చూసుకో. ఆ తర్వాత కుసుమ కుర్చీలో వేరే మనిషిని కూచోబెడతాను" అన్నారు భీమశంకర్ గారు. ఈసారి దేన్నీ ఊడదియ్యకుండా, ఉన్నచోటే ఉన్నదున్నట్టు మెమరీ టెస్టు పెట్టింది. మొదటి విడత శుభ్రంగా గడిచింది. రెండో విడత సగంలో ఉండగా తెరమీద ఎర్రగీత పడింది. మనం ఆగింది అక్కడే.

లోయిస్ కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది. ఎర్రగీత చూసి ఇంత సంబరపడిన మనిషి ఆ వృత్తిలో ఇంకొకరు ఉండరు.

"దొరికావురా దొంగా!" అంది తెరతో.

గీత ఒకటితో ఆగలేదు. చూస్తూండగానే మూడయ్యాయి, పదకొండయ్యాయి, అరవై దాటాయి. ఆ టెస్టు చేసే పని చిన్నదే. మెమరీలో ఉన్న ప్రతి గడిలోనూ ఒక అంకె దాచిపెడుతుంది, కాసేపాగి మళ్ళీ అడుగుతుంది. దాచింది దాచినట్టు తిరిగొస్తే సరే, మారిపోతే ఎర్రగీత. బిందె దాచమని ఇస్తే చెంబు తిరిగిచ్చే పొరుగింటావిడలాగ, ఈ కంప్యూటరు ఒక అంకె పుచ్చుకుని ఇంకో అంకె అప్పజెబుతోంది. ఆ అంకెలే రిపోర్టుల్లోకి వెళ్ళాయి. కుసుమ కొలిచింది, సరిగ్గానే కొలిచింది.

ఆ మాట అనుకోగానే లోయిస్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. చున్నీతో తుడుచుకుని భీమశంకర్ గారి గదివైపు పరుగెత్తబోయి ఆగింది. ఆయన ఏమంటారో ముందే వినిపించింది మరి. "సోమవారం బాగుందన్నావు, శనివారం పాడైందంటున్నావు. రేపు మళ్ళీ బాగుందంటావా?" అంటారు. ఆయనకి గీతలు చూపిస్తే చాలదు, కారణం చేతిలో పెట్టాలి. గోడ గడియారంలో తొమ్మిదిన్నర అయింది.

దోషం స్టిక్కుదా, అది కూర్చున్న స్లాటుదా? తోడికోడళ్ళ తగువు తీర్చేవాళ్ళు ఇద్దర్నీ చెరో గదిలో కూర్చోబెట్టి అడుగుతారే, అలా ఒక్కొక్కదాన్నీ విడదీసి అడగాలి. కంప్యూటరు ఆపింది. రెండో స్లాటులో ఉన్న స్టిక్కు తీసేసి, మొదటి స్లాటులో ఉన్నదాన్ని ఒక్కదాన్నే ఉంచి టెస్టు పెట్టింది. అరగంట ఆడింది, ఒక్క గీత లేదు. అయితే రెండో స్టిక్కే దొంగ అనుకుని, దాన్ని తెచ్చి మొదటి స్లాటులో పెట్టింది. విచిత్రం! అదీ నిక్షేపంగా ఉంది. ఇక మిగిలింది ఒక్కటే. మొదటి స్టిక్కుని, ఆ బుద్ధిమంతురాలిని తీసుకెళ్ళి రెండో స్లాటులో కూర్చోబెట్టింది. రెండు నిమిషాలు తిరక్కుండా తెర ఎర్రబడింది.

"అమ్మ నీ! స్టిక్కు కాదు, స్లాటు!" అంది పైకే.

సోమవారం తను చేసిన నిర్వాకం అప్పుడు అర్థమైంది లోయిస్‌కి. స్టిక్కుల్ని సాక్చి తీసుకెళ్ళింది, స్లాటు మాత్రం గమ్హరియాలోనే ఉండిపోయింది. రోగిని మంచం మీద వదిలేసి, దుప్పటిని ఆస్పత్రికి తీసుకెళ్ళి, జబ్బేమీ లేదని చెప్పి వచ్చిందన్నమాట. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా సిగ్గుపడటానికి ఇప్పుడు తీరికేది?

స్టిక్కు తీసేసి, సెల్‌ఫోన్ లైటు వేసి, ఒక కన్ను మూసి రెండో స్లాటులోకి చూసింది. సన్నటి సందు. రెండువైపులా దువ్వెన పళ్ళలాగా వరసగా లోహపు ముళ్ళు. అడుగున, సగం మేర, ఎర్రగా ఏదో పేరుకుని ఉంది.

ఎర్రదుమ్మే అనుకుంది మొదట. ఆ ఊళ్ళో ఎర్రదుమ్ము పడని వస్తువేది? కిటికీ చెక్క మీదా అదే, తలదువ్వుకుంటే దువ్వెనలోనూ అదే. సోమవారం కూడా ఒక స్టిక్కు అడుగున ఎర్రగా కనిపిస్తే, మన ఊరి దుమ్మే కదా అని రబ్బరు పెట్టి శుభ్రంగా చెరిపేసింది. ఇప్పుడు అగ్గిపుల్లకి దూది చుట్టి లోపలికి పోనిచ్చి తీసింది. దూది ఎర్రబడటమే కాదు, జిడ్డుగా మెరిసింది. దుమ్ముకి జిడ్డెక్కడిది? ముక్కుదగ్గర పెట్టుకుని వాసన చూసింది.

నెయ్యి!

సరిగ్గా అప్పుడే సన్యాసమ్మ టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. షెడ్డులో ఊడ్చి, నీళ్ళు పెట్టే మనిషి. శ్రీకాకుళం వదిలి ముప్పై ఏళ్ళయినా మాట ఇంకా అక్కడే ఉంది. దూదివైపు చూసింది, మూత తీసి ఉన్న కంప్యూటరు వైపు చూసింది, గ్లాసు బల్లమీద పెట్టేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఒలమ్మో! లోపలికెల్లిపోయిందేటి?"

"ఏటి పెద్దమ్మా లోపలికెళ్ళింది?"

"ఏటీ లేదమ్మా. టీ తాగు, సల్లారిపోద్ది."

"పెద్దమ్మా, కుసుమాంటీ నాలుగు రోజులై ఇంట్లో కూచుంది. నీకు తెలిసింది చెప్పకపోతే ఇంక రాదు."

సన్యాసమ్మ తలుపు వైపు చూసి, కొంగు తలమీదికి లాక్కుని, దగ్గరికొచ్చింది. "నా పేరు సెప్పకు తల్లీ, నీకు పున్నెం ఉంటాది. ఇస్వకర్మ పూజ నాడు పెదబాబే సేసినారు. సిందూరం నెయ్యిలో కలిపి, పళ్ళెం నాకిచ్చి, అన్ని మిసన్లకీ తన సేత్తోనే బొట్టెట్టినారు. దీని దగ్గరకొచ్చి, రేకు డబ్బాకి బొట్టేటి, లోపల తలకాయుంటాది గదా అని మూత ఇప్పేసినారు. ఆ పలక ఇలా పీకి, దాని మొకం నిండా ఇంత బొట్టెట్టి, మల్లీ నొక్కేసినారు. టక్కుమంది కూడాను. నానే హారతి పట్టినాను."

లోయిస్‌కి ఒక్కసారిగా అంతా కనిపించింది. పొద్దున్న కంప్యూటరు చల్లగా ఉన్నప్పుడు నెయ్యి గడ్డగట్టి ఉంటుంది, లెక్కలన్నీ సరిగ్గానే వస్తాయి. ఆడగా ఆడగా వేడెక్కుతుంది. నెయ్యి కరిగి, సింధూరాన్ని వెంటబెట్టుకుని ముళ్ళ మధ్యకి జారుతుంది. అక్కణ్ణించి అంకెలు తారుమారు. అందుకే మొదటి విడత శుభ్రం, రెండో విడతలో గీతలు. అందుకే కుసుమ పొద్దుటి రిపోర్టులన్నీ సరిపోయి, మధ్యాహ్నం తర్వాతివే తేడా వచ్చాయి.

కారణం దొరికింది. దొరికి ఏం లాభం? పిల్లి మెడలో గంట కట్టేదెవరు? తనేమో బాగ్‌బేరా చర్చిలో ప్రతి ఆదివారం పాటలు పాడే పిల్ల. భీమశంకర్ గారేమో విశ్వకర్మకి దండం పెట్టకుండా స్విచ్చి వెయ్యని మనిషి. "మీ పూజే మీ మిషన్‌ని పాడుచేసింది" అని తను అంటే ఆయనకి ఎలా వినిపిస్తుంది? పైగా సన్యాసమ్మ తన పేరు ఎత్తొద్దని బతిమాలుకుంది. టీ చల్లారిపోయింది. తాగకుండానే కూర్చుంది.

పదకొండూ ముప్పావుకి భీమశంకర్ గారు వచ్చారు. అరవై రెండేళ్ళ మనిషి. తెల్లచొక్కా, జేబులో స్టీలు స్కేలు. నుదుటిమీద బొట్టు చెక్కుచెదరదు. పెద్ద ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్ళు టూల్‌రూములో చేసి, తర్వాత ఈ షెడ్డు పెట్టుకున్నారు. ఇనుమంటే ప్రాణం.

"ఏటమ్మా, తేలిందా?"

"తేలింది సార్. కానీ ముందు నా తప్పు చెప్తాను." లోయిస్ లేచి నిలబడింది. "సోమవారం నేను స్టిక్కులు మాత్రం తీసుకెళ్ళాను, స్లాటు చూడలేదు. స్టిక్కు అడుగున ఎర్రగా ఉంటే దుమ్మనుకుని చెరిపేశాను. అది ఏటో అప్పుడే చూసుంటే కుసుమాంటీ ఒక్కరోజు కూడా ఇంట్లో కూచోనక్కర్లేదు. నేను బాగుందని చెప్పింది తప్పు సార్."

"అయితే మిషన్‌దే తప్పా? ఎర్రగా ఉన్నదేటి?"

 లోయిస్ వెనక్కి తగ్గలేదు. "సార్, ఒకటి అడుగుతాను. లేత్ మిషన్‌కి బొట్టు ఎక్కడ పెడతారు?"

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఇప్పుడు పూజ సంగతెందుకు? మీ చర్చివాళ్ళకి మా పూజలంటే…" అని, సగంలో ఆపేశారు.

ఆ సగంమాట షెడ్డంతా వినిపించినట్టయింది లోయిస్‌కి.  మెల్లగా అంది. "మా నాన్న ఎబెనేజర్ రైల్వేలో ఇంజను డ్రైవరు సార్. విశ్వకర్మ పూజ నాడు ఇంజనుకి దండలేస్తుంటే టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడేవారు. మిషన్‌కి దండం పెట్టేవాడు మిషన్‌ని నిర్లక్ష్యం చెయ్యడమ్మా అనేవారు నాతో. నేను వెటకారానికి అడగట్లేదు, మీ చేత చెప్పించుకుందామని అడుగుతున్నా."

భీమశంకర్ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాసేపు స్కేలుతో మోకాలిమీద కొట్టుకున్నారు. "తలకాయకి పెడతాం. హెడ్‌స్టాక్ మీద."

"కింద గైడ్లుంటాయి కదా, క్యారేజీ జారే చోటు. అక్కడ పెట్టరా?"

"ఛ, ఛ! ఎవడైనా పెడతాడా?" కుర్చీలోంచి లేచినంత పని చేశారాయన. "నా సర్వీసులో ఒక్కడు పెట్టాడమ్మా, కొత్తగా చేరిన అప్రెంటిసు. వాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. సింధూరమంటే ఏటనుకున్నావు? మెత్తటి పొడి. నెయ్యిలో కలిపి గైడు మీద పెడితే ఇసక పోసినట్టే. లోహం లోహాన్ని ముట్టుకునే చోట మధ్యలో ఏదీ దూరకూడదు. పూజైనా సరే, దేవుడైనా సరే. బొట్టు నుదుటికి పెడతాం గాని కంట్లో పెడతామా?"

"పెట్టం సార్" అంది లోయిస్. కంప్యూటరు ఆయనవైపు తిప్పి, సెల్‌ఫోన్ లైటు వేసి చేతికిచ్చింది. "ఇది కూడా లోహం లోహాన్ని ముట్టుకునే చోటే."

ఆయన కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని వంగారు. చాలాసేపు చూశారు. జేబులోంచి భూతద్దం తీసి మళ్ళీ చూశారు. లోయిస్ దూది అందించింది. ఆయన వాసన చూడనక్కర్లేకపోయింది. ఆ సింధూరం కలిపింది ఆయనే, ఆ నెయ్యి ఇంటినుంచి తెచ్చిందీ ఆయనే.

 తలుపు వెనక సన్యాసమ్మ చీపురు కదలడం మానేసింది.

"పొడుగ్గా నిలబడి ఉందమ్మా ఆ పలక" అన్నారు చివరికి. "తలకాయ ఇదే అనుకున్నాను. రేకు డబ్బాకి బొట్టు పెట్టి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేకపోయింది. దీనికి ఏటి తక్కువ చెయ్యాలి, ఇదీ మన మిషనే గదా అని మూత తీశాను. గైడులో పెట్టినవాణ్ణి నేను తిట్టాను. ఇప్పుడు నన్నెవరు తిడతారు?"

"తిలాపాపం తలా పిడికెడు సార్. మీరు పెట్టారు, నేను చెరిపేశాను."

ఆయన నవ్వారు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మరి పిడికెడు కూడా తినకుండా శిక్షంతా పడింది కుసుమకి." వెంటనే ఫోను తీశారు. అవతల కుసుమ ఏమందో వినపడలేదు గాని, ఈయన అన్నది మాత్రం షెడ్డు చివరిదాకా వినిపించింది. "తాళాలివ్వడానికి కాదమ్మా, పనిలోకి రా. తప్పు నీది కాదు, నాది. ఆటో ఎక్కి వచ్చెయ్. కాదు కాదు, నేనే కారు పంపుతాను."

లోయిస్‌కి ఆ క్షణాన ఎంత హాయిగా ఉందో మీకు చెప్పలేను.  ఆకలేసింది కూడా. చల్లటి టీనే గటగటా తాగేసింది.

తర్వాత పని మొదలెట్టింది. స్పిరిట్లో మెత్తటి బ్రష్షు ముంచి, ముల్లు ముల్లునా నెయ్యి లాగింది. దూది తెల్లగా వచ్చేదాకా తుడిచింది. గాలి కొట్టి ఆరబెట్టింది. రెండు స్టిక్కులూ కూర్చోబెట్టి మెమరీ టెస్టు మళ్ళీ పెట్టింది. "సాయంత్రం దాకా ఆడనిస్తాను సార్, కనీసం నాలుగు విడతలు. వేడెక్కాక కూడా గీత పడకపోతేనే బాగుందంటాను. ఈసారి తొందరపడను."

ఒంటిగంటకి కుసుమ వచ్చింది. ఆకుపచ్చ నూలుచీర, చేతిలో టిఫిను బాక్సు. ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టగానే భీమశంకర్ గారు చెయ్యి పైకెత్తారు. లేత్‌లు ఒక్కొక్కటీ ఆగాయి. పండగలకి తప్ప ఆగని మిషన్లవి. పద్దెనిమిది మంది పనివాళ్ళు తలలు తిప్పి చూశారు. "కుసుమ అంకెలు అల్లలేదు" అన్నారాయన, ముందు తెలుగులో, తర్వాత అందరికీ అర్థమయ్యేట్టు హిందీలో. "తప్పు నాది. గల్తీ మేరీ థీ. కొన్నవాళ్ళకి కూడా ఇవాళే ఉత్తరం రాస్తున్నాను, నా పేరు మీద."

 కుసుమ పెదవులు బిగబట్టి తలూపింది. సన్యాసమ్మ మాత్రం ఎవరూ అడక్కుండానే వెక్కి వెక్కి ఏడ్చింది, ముక్కు చీదుకుంది, మళ్ళీ ఊడ్చుకోవడం మొదలెట్టింది.

లోయిస్ దగ్గరకొచ్చి కుసుమ బాక్సు మూత తీసింది. వంకాయ కూర, అన్నం. "తిను. ముఖం పీక్కుపోయింది."

"ఆంటీ, నాలుగు రోజులూ ఇంట్లోనే ఉన్నారు కదా, బాక్సెందుకు కట్టారు?"

"చెయ్యి ఊరుకోలేదే! రోజూ ఆరింటికి లేచి కట్టేసేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. మధ్యాన్నం వంటింట్లో పీటమీద కూచుని బాక్సులోనే తినేదాన్ని."

లోయిస్ చేతిలో ముద్ద బాక్సులోనే వదిలేసింది. "నన్ను క్షమించండి ఆంటీ."

"ఊరుకో. కొలత తప్పితే ఏటి చేస్తాం? మళ్ళీ కొలుస్తాం. నువ్వు మళ్ళీ వచ్చి కొలిచావు. అదే చెయ్యని వాళ్ళు బోలెడు మంది." లోయిస్ భుజం తట్టి, చీర కొంగు దోపుకుని లేచింది. "నాలుగు రోజులై సరుకు పేరుకుపోయింది. రేపట్నుంచి దుర్గాపూజ సెలవలు, ఇవాళ లారీ ఎక్కకపోతే ఇంక వారం దాకా లేదు. ఇది టెస్టులో ఉంది గాబట్టి పక్కగదిలో పాత కంప్యూటరు వేసుకుంటాను. ఎప్పుడో అవసరానికి తప్ప దాని ముఖం చూడం గదా, ఇవాళ దానికీ కాస్త పని చెబుతాను."

మధ్యాహ్నమంతా అలా హాయిగా గడిచింది. వీధి చివర దుర్గాపూజ పందిరికి వెదుళ్ళు కడుతున్నారు, ఎవరో మైకు పరీక్షించుకుంటున్నారు. పక్కగదిలోంచి కుసుమ గొంతు వినిపిస్తూనే ఉంది, బుష్ నంబరు, కొలత, మళ్ళీ నంబరు. ప్రింటరు ఆగకుండా కాయితాలు వదిలింది. ఇక్కడ టెస్టు మొదటి విడత అయింది, రెండోది అయింది, మూడోది అయింది. లోయిస్ మధ్యమధ్య కంప్యూటరు రేకుమీద చెయ్యి వేసి చూసింది. బాగా వేడెక్కింది. అయినా తెర మీద ఎరుపన్నదే లేదు. నాలుగున్నరకి నాలుగో విడత కూడా పూర్తయింది. తప్పులు సున్నా.

"సార్, ఇప్పుడు చెప్తున్నాను. బాగుంది!" అని కేకేసింది.

భీమశంకర్ గారు జిలేబీల పొట్లంతో వచ్చారు. వేడివేడిగా ఉన్నాయి, కాయితమంతా పాకం. సన్యాసమ్మకి రెండు ఎక్కువే పెట్టారు. మనిషి పొద్దుటికంటే పదేళ్ళు చిన్నగా కనిపిస్తున్నారు. లోయిస్ పక్కన కూర్చుని జిలేబీ కొరుకుతూ, "మరి వచ్చే ఏడు దీనికి బొట్టు ఎక్కడ పెట్టమంటావు?" అన్నారు.

"రేకు డబ్బాకే సార్. పైన, నుదుటిమీద."

"పెడతాను. చందనమే పెడతాను, నెయ్యి జోలికి పోను." పకపకా నవ్వారు. "నువ్వు చెప్పేదాకా నాకు అనుమానమే రాలేదమ్మా. ఎందుకో తెలుసా? పక్కగదిలో పాతది లేదూ, దానికి ఏటీ కాలేదు. పెద్దదని మొదటి బొట్టు దానికే పెట్టాను. దానికి రెండు పలకలకీ పెట్టాను, నిండుగా! అది చూడు, నిక్షేపంలా…"

ఆయన నోట్లోనే మాట ఆగిపోయింది. లోయిస్ చేతిలో జిలేబీ అలాగే ఉండిపోయింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పాత కంప్యూటర్ని ఎప్పుడు వేసినా పది నిమిషాలు వాడి ఆపేసేవాళ్ళు. వేడెక్కే అవకాశమే దానికి ఇన్నాళ్ళూ దొరకలేదు. ఇవాళ ఒంటిగంట నుంచి, మూడున్నర గంటలు, ఆగకుండా ఆడింది.

లోయిస్ ఎలా లేచిందో, ఎలా నడిచిందో తనకే తెలీదు. పక్కగదిలో ఎవరూ లేరు. కొలతబల్ల ఖాళీగా, శుభ్రంగా తుడిచి ఉంది. కంప్యూటరు రేకుమీద అరచెయ్యి వేసింది. చురుక్కుమంది. వంగి, గాలి ఆడే చిల్లుల దగ్గర ముక్కు పెట్టింది. కాగిన నెయ్యి వాసన, పండగపూట వంటింట్లోంచి వచ్చినట్టు, కమ్మగా వస్తోంది.

బయట లారీ హారను దూరమైపోతూ వినిపించింది. కుసుమ లోపలికొచ్చింది, చేతిలో కాయితాల కట్ట. నాలుగు రోజుల తర్వాత ఆవిడ ముఖంలో అంత వెలుగు. కుడిచేతి వేలికి పెన్ను సిరా అంటుకుని ఉంది.

"అయిపోయింది లోయిస్! నూటయాభై రెండు ముక్కలు, ఒక్కటీ వదల్లేదు. లారీ ఇప్పుడే గేటు దాటింది. 'ఈసారి నేనే కొలిచాను, పూచీ నాది' అని ప్రతి కాయితం కిందా రాసి మరీ సంతకం పెట్టాను." లోయిస్ ముఖం చూసి ఆగింది. "ఏటే, అలా ఉన్నావు?"

లోయిస్ చెయ్యి ఇంకా ఆ వేడి రేకుమీదే ఉంది.

"ఆంటీ" అంది. "లారీ డ్రైవరు నంబరు మీ దగ్గరుందా?"